గుడారం గుమ్మంలో వేసిన పీట

నేను ఒక ముక్కాలి పీటను. కెన్యా దేశంలో, విక్టోరియా సరస్సు ఒడ్డున, లువో జాతి జాలర్లు ఉండే ఒక పల్లె మాది. అబుతో అనే వడ్రంగి అతుకూ మేకూ లేకుండా ఒకే మొద్దులోంచి నన్ను తొలిచి, పైభాగాన్ని అరచేయంత నున్నగా రుద్ది, న్యాంగ్వేసో అనే ఇంటిపెద్ద చేతికిచ్చాడు. ఆ ఇంట్లో నా మీద ఇంటిపెద్ద తప్ప మరొకరు కూర్చోకూడదు. ఆడవాళ్లకు చాప, పిల్లలకు నేల. ఎక్కడైనా తగవు తీర్చాల్సి వస్తే నన్ను చంకన పెట్టుకుని వెళ్లేవారు. నా మీద కూర్చుని చెప్పిన తీర్పుకు తిరుగుండదని ఊరి నమ్మకం. తెలివి కింద నుంచి పైకి పాకుతుందని అనుకునేవారు కాబోలు. అరవై ఏళ్లకు పైగా మోశాను. నా దగ్గర నుంచి ఎవరికీ ఏమీ పాకలేదని నాకు తెలుసు.

న్యాంగ్వేసో పోయాక నేను అతని పెద్దకొడుకు ఒబియెరోకి వచ్చాను. ఈ కథంతా ఒబియెరోదే. పొడగరి. మాట తక్కువ, కోపం ఎక్కువ. అతని బరువు నా మీద పడే తీరును బట్టే ఆ రోజు ఇంట్లో ఎవరికి మూడిందో చెప్పగలిగేవాణ్ణి.

అతనికి రెండు దెబ్బలు తగిలాయి. మొదటిది తమ్ముడు ఒలువోచ్. దూరాన ఒక పట్నంలో గారేజీలో పనిచేసేవాడు. ఎన్నికల తర్వాత అల్లర్లు చెలరేగినప్పుడు వేరే జాతి గుంపు ఒకటి అతన్ని వీధిలో పట్టుకుంది. లువోలలో సున్తీ ఆచారం లేదు. ఆ ఆచారం ఉన్నవాళ్లు వీళ్లను పిల్లకాయలని ఎగతాళి చేయడం పాత సంగతి. ఆ రోజు ఎగతాళితో ఆగలేదు. నలుగురు కాళ్లూ చేతులూ అదిమిపట్టుకుంటే ఐదోవాడు కత్తి తీసి బలవంతాన సున్తీ చేశాడు. లారీలో ఇంటికి చేరిన ఒలువోచ్ ఆ గాయం మానక పంతొమ్మిదో రోజున చనిపోయాడు. ఒబియెరో పొద్దున నా మీద కూర్చున్నవాడు పొద్దుగుంకేదాకా లేవలేదు.

రెండో దెబ్బ పెద్దకొడుకు అగ్వారో. చేపల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. రెండేళ్లు ఎండిపోయి ఎండిపోయి పోయాడు. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాగితంలో హెచ్‌ఐవీ అని ఉంది. ఒబియెరో దాన్ని మడిచి ఇంటి చూరులో దోపి, కొడుకును చంపింది ‘చీరా’ అన్నాడు. పెద్దల కట్టుబాటు దాటినవాణ్ణి పట్టి తినేసే శాపాన్ని లువోలు అలా పిలుస్తారు. ఏ కట్టుబాటు దాటాడని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఇంక మిగిలినవాడు రెండోకొడుకు ఒగుతు. పడవ మీద చేపలు పట్టేవాడు. అన్న మంచం పక్కన ఉండి అన్నీ చేసింది అతనూ, అతని భార్య అపొండీ.

ఆ రోజుల్లోనే అజ్వాంగ్ అనే నర్సు మా ఊరికి వచ్చింది. ఆమె కూడా లువో మనిషే. చేపలు తూచే రేకుల షెడ్డులో సభ పెట్టించింది. నన్ను ముందు వరసలో వేశారు. సున్తీ చేయించుకున్న మగవాళ్లకు ఆడవాళ్ల నుంచి ఈ జబ్బు అంటడం బాగా తగ్గుతుందనీ, పదిమందికి అంటుకునే చోట ఆరుగురు తప్పించుకుంటారనీ ఆమె చెప్పింది. వచ్చే వారం గుడారం వేస్తామనీ, ఇష్టమైనవాళ్లే రావాలనీ అంది. షెడ్డులో గుసగుసలు లేచాయి. నా మీద బరువు ముందుకు జరిగింది.

“మిగిలిన నలుగురికీ ఏం చెబుతావు?” అని అడిగాడు ఒబియెరో.

“అబద్ధం మాత్రం చెప్పను, పెద్దాయనా. కోసేస్తే అంతా అయిపోయినట్టు కాదు, కండోమ్ వాడాల్సిందే అని ఆ ఆరుగురికీ చెబుతాను, ఈ నలుగురికీ చెబుతాను.”

అయితే ఆ కండోమే ఇచ్చి పొమ్మన్నాడు ఒబియెరో. మన ఒంటి మీద కత్తి ఎందుకన్నాడు. పొరుగు జాతివాళ్లు తరతరాలుగా కోరుకున్నది ఇదేననీ, వాళ్లు వీధిలో గుంపుగా పట్టుకుని చేసింది మీరు తెల్లకోటు వేసుకుని చేస్తారా అనీ గొంతు పెంచాడు. షెడ్డు దద్దరిల్లింది. అజ్వాంగ్ తగ్గలేదు. పూర్వం లువో మనిషి అనిపించుకోవాలంటే కింది పళ్లు ఆరు పీకించుకోవాలి, మరి మీ నోట్లో ఆ ఆరు పళ్లూ ఇంకా ఎలా ఉన్నాయని నవ్వుతూ అడిగింది. జనం కూడా నవ్వారు. ఒబియెరో నవ్వలేదు.

“అది మా అంతట మేం వదిలేశాం. నువ్వొచ్చి వదిలించలేదు,” అని లేచి నన్ను చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. కుర్రకారు సగం మంది అతని వెనకే వచ్చేశారు. దారి పొడుగునా నర్సును తిట్టారు. ఆ తిట్లు విని ఒబియెరో వారించలేదు. అది నేను దాచను.

నాలుగు రోజుల తర్వాత ఒగుతు వచ్చి తండ్రి ఎదుట నిలబడ్డాడు. అపొండి వాకిట్లో చేపలు ఆరబెడుతూ చేయి ఆపేసింది.

“నాన్నా, నేను గుడారానికి వెళ్తున్నాను. ఎవరి జాతిలోనో కలవడానికి కాదు. అన్న పోయినట్టు పోవడం నాకు ఇష్టం లేదు.”

“నీ అన్నను శాపం తినేసింది.”

“చూరులో కాగితం ఉంది నాన్నా. నేను చదివాను.”

ఒబియెరో అరచేత్తో నా అంచు మీద కొట్టి, “ఈ పీట నీకు రాదు,” అన్నాడు. “నా తమ్ముణ్ణి కోసిన కత్తి దగ్గరికి నువ్వు నీ కాళ్లతో నడిచి వెళ్తున్నావు. అలాంటివాడు దీని మీద కూర్చోడు.”

ఒగుతు తల వంచాడు గానీ మనసు మార్చుకోలేదు. అపొండి మళ్లీ చేపలు తిప్పడం మొదలుపెట్టింది. ఆ మర్నాటి నుంచి ఒబియెరో ఆమె వండింది ముట్టలేదు.

గుడారం వేసిన రోజు మధ్యాహ్నం ఇరవై మంది కుర్రాళ్లు తెడ్లూ కర్రలూ పట్టుకుని మా వాకిట్లోకి వచ్చారు. సభలో ఒబియెరో అన్న మాటలే వాళ్ల నోట్లో ఉన్నాయి. లోపల ఉన్నవాళ్లను బయటికి ఈడ్చుకొస్తాం, నర్సును ఊరు దాటిస్తాం, మీరు ముందు నడవండి అన్నారు. ఒబియెరో నన్ను తీసుకుని ముందు నడిచాడు. వాళ్లు కేకలు పెడుతూ వెంటపడ్డారు. అతని చంకలో ఉన్న నాకు ఆ గుండె దడ వినిపిస్తూనే ఉంది. కోపమో భయమో నాకు తెలియలేదు.

గుడారం గుమ్మం దగ్గర నన్ను నేల మీద వేశాడు. గుమ్మానికి వీపు పెట్టి, కుర్రాళ్లకు ఎదురుగా కూర్చున్నాడు.

వాళ్లకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ముందున్నవాడు లేవమన్నాడు. నువ్వే కదా వద్దన్నావని నిలదీశాడు.

“ఇప్పుడూ వద్దనే అంటాను,” అన్నాడు ఒబియెరో. “ఈ గుడారాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కాని మనిషిని నలుగురు అదిమిపట్టుకుంటే ఏమవుతుందో నా తమ్ముడు నాకు పంతొమ్మిది రోజులు చెప్పాడు. కోయడానికి పట్టుకున్నా, కోయించుకోకుండా పట్టుకున్నా పట్టుకునే చేతులు అవే. లోపలికి వెళ్లాలంటే నన్ను లేపి వెళ్లండి.”

ముసలాడు అమ్ముడుపోయాడన్నారు. పిరికివాడన్నారు. ఎవడో తెడ్డు విసిరాడు. అది నా కాలికి తగిలి, కాలు మొదలంటా విరిగింది. ఒబియెరో పక్కకు పడిపోయాడు. మోచేయి చీరుకుపోయింది. లేచాడు. నన్ను తీసి మళ్లీ అక్కడే వేసి, విరిగిన కాలి చోట తన మడమ ఆనించి కూర్చున్నాడు. నా జీవితంలో మనిషి బరువు నేను మోయడం కాకుండా, నా మీద కూర్చున్న మనిషే నన్ను మోసింది ఆ ఒక్కసారే. రెండో తెడ్డు రాలేదు. కుర్రాళ్లు దూరంగా నిలబడి తిడుతూ తిడుతూ ఒక్కొక్కరే జారుకున్నారు. లోపలి నుంచి ఆఖరి మనిషి బయటికి వచ్చేదాకా ఒబియెరో కదల్లేదు.

ఆ ఆఖరి మనిషి ఒగుతు. నడుముకు భార్య వస్త్రం చుట్టుకుని, కాళ్లు ఎడంగా వేస్తూ వచ్చి తండ్రి పక్కన ఆగాడు. రక్తం కారుతున్న మోచేయిని పట్టుకోబోయాడు. ఒబియెరో చేయి లాగేసుకున్నాడు.

“నీ కోసం కూర్చోలేదు,” అన్నాడు. కొడుకుతో అతను ఆడిన ఆఖరి మాట అది.

ఇంటికి వెళ్లాక అతను నా కాలు బాగుచేయించలేదు. నన్ను పెరట్లో వదిలేసి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకున్నాడు. రెండు వానాకాలాలు అదే కుర్చీలో గడిపాడు. ఒగుతు పడవ దిగి ఆ దారినే వస్తే మొహం తిప్పుకునేవాడు. ఊరి కుర్రాళ్లు అతనికి దారి ఇవ్వడం మానేశారు. అజ్వాంగ్ ఒకసారి చూడ్డానికి వస్తే ఆమెకూ తలుపు తీయలేదు. జ్వరంతో పోయాడు. అంత్యక్రియల నాడు పెద్దలు నన్ను ఎవరికివ్వాలని వాదించుకున్నారు. కొడుక్కి రాదని ఒబియెరో నోటితో అన్న మాట సగం మందికి గుర్తుంది. ఆ కొడుకున్న గుడారానికి అడ్డంగా కూర్చున్నాడని మిగతా సగం మందికి గుర్తుంది. అతను ఏమనుకున్నాడో నన్ను అడిగితే మాత్రం ఏం చెప్పను? మనుషుల మనసు నా దాకా ఎప్పుడూ దిగలేదు, బరువే దిగింది. తేలక వాళ్లు లేచి వెళ్లిపోయారు.

ఎవరికీ చెందని నన్ను ఎవరో తెచ్చి వంటపాక వెనక కట్టెల మీద పడేశారు. నన్ను లోపలికి తీసుకుపోదామని ఒగుతు రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ వంగి, ముట్టుకోకుండా వెనక్కి వెళ్లాడు. రోజూ పొద్దున్నే అపొండి పొయ్యిలోకి కట్టెలకు వస్తుంది. కుప్ప తరిగిపోతోంది. ఆమె చేయి నా మీద పడుతుంది, నున్నటి పైభాగం తగలగానే ఒక్క క్షణం ఆగుతుంది, నన్ను దాటి పక్క కట్టెను తీసుకుంటుంది.