పార్కుకన్నా ముందొచ్చిన బెంచీ

నేను ఒక సిమెంటు బెంచీని. పార్కు బెంచీనని గొప్పగా చెప్పుకునేదాన్నే గానీ, పార్కు ఇంకా రాలేదు. తొందరపడి నేనే ముందొచ్చేశాను.

నేను పుట్టింది గోదావరి పక్కన బావి ఒరలు పోసే ఒక షెడ్డులో. పోయిన మనిషిని తలుచుకోవడానికి నలుగురూ కూర్చునే బెంచీ వేయించడం మనవాళ్ళకి అలవాటు కదా. అలా సుభద్రమ్మగారు తన భర్త కొప్పిశెట్టి వీరభద్రంగారి పేరు నా వీపు మీద నల్లరంగుతో రాయించి, ఈ కాలనీలోని ఖాళీ స్థలానికి తెచ్చి దింపించారు. 'ఇచ్చట పార్కు నిర్మించబడును' అన్న బోర్డు చూసి నమ్మేశారు, పాపం. ఆ బోర్డూ నేనూ ఎదురెదురుగా ఉంటాం. దానికి తుప్పు పట్టింది, నాకు నాచు పట్టింది.

అలాగని ఖాళీగా ఏం లేను. ఎదుట లేచిన అపార్టుమెంటుకి ఫ్లాట్లమ్మే ఏడుకొండలు, కొనడానికి వచ్చినవాళ్ళని తెచ్చి నా మీదే కూర్చోబెడతాడు.

"ఒక్కసారి కళ్ళు మూసుకోండి మేడమ్. ఇక్కడ ఫౌంటెను, అటు పిల్లల ఉయ్యాల. పార్కు రాకపోతే బెంచీ ఎందుకేస్తారండీ?"

నన్ను సాక్ష్యానికి పిలిచినప్పుడల్లా నాకు సిగ్గేసేది. జనం మాత్రం కళ్ళు మూసుకునేవారు, మూసుకునే అడ్వాన్సు ఇచ్చేవారు.

కళ్ళు మూసుకోనిది వసుంధర ఒక్కతే. బళ్ళో లెక్కల టీచరు. మామగారు రామకోటయ్యగారికి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. రోజూ నడిపించకపోతే మంచానికే పరిమితమైపోతారని డాక్టరు గట్టిగా చెప్పాడు. వాళ్ళుండేది లారీల రోడ్డు మీద అద్దె వాటా. ఆవిడకి ఇంటికన్నా ముందు ఆయన నడవడానికి చోటు కావాలి. ఆ దిగులు మొహంలో కనిపిస్తూనే ఉంది.

ఏడుకొండలు తెచ్చి చూపించిన మర్నాడు సాయంత్రం, అతనికి చెప్పకుండా ఒక్కతే వచ్చింది. అప్పుడు నా మీద ముందువైపు ఫ్లాటు పిన్నిగారి వడియాలు ఎండుతున్నాయి.

"పార్కు ఎప్పుడొస్తుందండీ?" అని అడిగింది.

"మేం కొన్నప్పుడు దసరాకి వచ్చేస్తుందన్నారమ్మా. ఏ దసరాకో అడగడం మర్చిపోయాం" అంది పిన్నిగారు వడియాలు తిరగేస్తూ.

వసుంధర నవ్వలేదు. నా మీద ఓ మూల కూర్చుని, ఆ ఖాళీ నేలని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. తర్వాతి ఆదివారం ఏడుకొండలు ఎదుట తేల్చి చెప్పేసింది.

"పార్కు వైపు ఫ్లాటు మాకొద్దండీ. తక్కువ ధరకొచ్చే వెనకవైపుది చూపించండి."

"అదేంటి మేడమ్! కిటికీ తీస్తే పార్కు కనపడొద్దా?"

"రాని పార్కు కిటికీలోంచి కనపడితే ఎంత, కనపడకపోతే ఎంత? ఇది పార్కు స్థలం కాబట్టి ఇంకోళ్ళు ఇల్లు కట్టలేరు. మా మావయ్యగారికి ఈ మట్టి నేల చాలు."

ఏడుకొండలు వెనకవైపు ఫ్లాటు తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు. లేనిదాన్ని అమ్మడమే గానీ ఉన్నదాన్ని అమ్మడం అతనికి చేతకాదు.

ఆ ఫ్లాటులోకి దిగిన రోజు నుంచి రామకోటయ్యగారు కోడలి చెయ్యి పట్టుకుని నా దగ్గర్నుంచి బోర్డు దాకా విసుక్కుంటూ నడవడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి చెయ్యి వదిలేశారు. గడ్డి చచ్చి, బాట పడింది. ముందువైపు ఫ్లాట్లవాళ్ళు కూడా ఆయన వెనకాల చేరారు. నామీద వడియాలకి చోటు కరువైంది.

ఆ బాట కాలనీ పెద్దల కంట్లో పడింది. దాని పక్కన సున్నం గీసి, 'వాకింగ్ ట్రాక్' అని పేరుపెట్టి, ప్రారంభోత్సవానికి నా పక్కనే అడ్డంగా రిబ్బను కట్టారు. నాయకుడుగారు వస్తున్నారు, వస్తున్నారు అంటూనే పొద్దు వాలింది. రామకోటయ్యగారు గింజుకుంటున్నారు.

"కాస్త ఆగండి మావయ్యా, ఆయనొచ్చి కత్తిరించాక వెళ్దురుగాని."

"ఆగడానికి నేనేమన్నా పార్కునా?"

జబ్బు చేశాక చెప్పులు తొడుక్కోవడానికి కూడా వంగలేని మనిషి ఆయన. ఎడంచేత్తో నా వీపు పట్టుకుని, మెల్లగా నడుం వంచి, రిబ్బను కిందనుంచి అవతలికి దూరిపోయారు. ఆ చేతి పట్టు ఎంత గట్టిగా ఉందో నాకు తెలిసింది.

వసుంధర కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "మావయ్యా, మీరు వంగారు!" అని కేకేసింది.

ఆయన అప్పటికే సగం దూరం వెళ్ళిపోయారు.