తొమ్మిది అంగుళాల తక్కువ

నేను ఒక గోల్‌పోస్టుని. టేకు కర్రతో చేసినదాన్ని. రెండు నిలువు దుంగలు, వాటి మీద ఇనప పట్టీతో అతికించిన ఒక అడ్డదూలం, అంతే నా ఒళ్లు. ప్రస్తుతం కొత్తగుట్ట డిగ్రీ కాలేజీ వ్యాయామ విభాగం గది వెనక, విరిగిన బెంచీల పక్కన పడుకుని ఉన్నాను. జాలి పడాల్సిన పనిలేదు. నా చోట ఇప్పుడు అల్యూమినియం పోస్టులు నిలబడ్డాయి. తళతళలాడుతున్నాయి, తళతళలాడనివ్వండి. ఒక కప్పు పోగొట్టానని, ఒక మనిషి బతుకు పాడు చేశానని నా మీద ఒక నింద ఉంది. దాన్ని నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో విని, ఆ తర్వాత మీ ఇష్టం.

మాది గోదావరికి కాస్త దూరంలో బొగ్గు గనుల ఊరు. గని లోపల పైకప్పు కూలకుండా నిలబెట్టడానికి అడవి నుంచి లారీల్లో దుంగలు వచ్చేవి. కాలేజీ డ్రిల్ మాస్టారు నర్సింగరావు ఆ లారీలకు అడ్డం పడి, అధికారులను బతిమాలి, ఎనిమిది దుంగలు దింపించుకున్నారు. వడ్రంగి కనకాచారి వాటిని చిత్రిక పట్టి నన్నూ, నా జోడీనీ తయారు చేశాడు. ఉత్తరం వైపు నేను, దక్షిణం వైపు తను. భూమిలోకి రెండడుగులు, భూమి మీద ఎనిమిది అడుగులు. ఆ రోజు మాస్టారు టేపు పట్టుకుని మూడుసార్లు కొలిచారు. నన్ను మళ్లీ కొలవడానికి యాభై ఏళ్లు దాటింది. మనుషులు ఒకసారి కొలిచినదాన్ని మళ్లీ కొలవరు. తీర్పులు మాత్రం రోజూ చెబుతూనే ఉంటారు.

మా కాలేజీ జట్టు పేరు జిల్లా అంతా మోగిన రోజులవి. సెంటర్ ఫార్వర్డ్ ప్రభుదాస్. బంతి అతని కాలికి తగిలిందంటే గోల్‌కీపర్ దేవుణ్ణి తలుచుకోవాల్సిందే. కుడివైపు రెక్కలో మొయినుద్దీన్, దర్జీ కొడుకు, పరుగెత్తుతుంటే చొక్కా వెనకాల ఎగిరేది. నా రెండు దుంగల మధ్య నిలబడే గోల్‌కీపర్ ఓదెలు. తండ్రి గనిలో బొగ్గు నింపే కార్మికుడు. ఓదెలు తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ చూస్తాడు. బంతి ఎక్కడికి వస్తుందో కొట్టేవాడికన్నా ముందు అతనికే తెలిసేది. నాకు అందరికన్నా అతనే దగ్గరివాడు. రోజూ మూడు గంటలు నా కింద నిలబడేవాడు కదా.

పంతొమ్మిది వందల డెబ్భై ఆరు వానాకాలంలో నా ఎడమ కాలికి చెదలు పట్టింది. నా జోడీ అయితే ఏకంగా కూలిపోయింది, దాన్ని మళ్లీ నిలబెట్టనే లేదు. కనకాచారిని పిలిచారు. అతను నన్ను పైకి లాగి, కుళ్లిన ముక్క తొమ్మిది అంగుళాలు కోసేశాడు. కుడి కాలు శుభ్రంగానే ఉంది. కానీ ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అయితే దూలం వాలుతుందని దాన్నీ తొమ్మిది అంగుళాలు కోశాడు. దుంగ కదలకుండా ప్రభుదాస్ దాని మీద ఎక్కి కూర్చున్నాడు. గుంట మాత్రం పాత రెండడుగుల గుంటే. అందులోనే నన్ను దింపి, ఇక చెదల బెడద ఉండకూడదని చుట్టూ సిమెంటు పోశారు. తడి సిమెంటు మీద కనకాచారి మేకుతో సంవత్సరం కూడా గీశాడు. పోటీలు దగ్గరపడ్డాయి, మాస్టారు తొందరలో ఉన్నారు. టేపు ఆయన గదిలోనే ఉంది, గది తాళం ఆయన జేబులోనే ఉంది. ఎవరూ తీయలేదు.

అలా నేను ఏడడుగుల మూడంగుళాల గోల్‌పోస్టునయ్యాను. తమాషా ఏమిటంటే, నేను పొట్టిదాన్నయ్యానని ఒక్కరికీ అనుమానం రాలేదు. అందరూ తామే ఎదిగామనుకున్నారు.

ఒకరోజు ఓదెలు ఎగిరి నా దూలం మీద చెయ్యి వేసి పొంగిపోయాడు. "సార్, జూడుండ్రి. నా చెయ్యి బార్ మీదికి అందుతున్నది!"

"అందక ఏం జేస్తది? వానాకాలమంత బస్కీలు తీయించిన గదా," అని మాస్టారు మీసం తిప్పారు.

ప్రభుదాస్‌కు మాత్రం గడ్డుకాలం వచ్చింది. అతను కొట్టిన ప్రతి బంతీ నా మీది నుంచి ఎగిరి రోడ్డు మీద పడేది. మాస్టారు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. బంతిని నేల విడవనీయొద్దన్నారు. మూడు నెలలు అలా సాధన చేసి చేసి ప్రభుదాస్‌కు ఆ నేలబారు షాట్ పట్టుబడింది. తర్వాత రైల్వే జట్టులో, రాష్ట్ర జట్టులో అతనికి పేరు తెచ్చింది అదే. పత్రికల వాళ్లు ఫొటోలు వేశారు. నా ఫొటో ఎవరూ వేయలేదు, అది వేరే సంగతి.

జనవరిలో హనుమకొండలో కాలేజీల మధ్య ఫైనల్. నేను వెళ్లలేదు, ఎలా వెళ్తాను? తిరిగి వచ్చిన మర్నాడు జట్టంతా నా కింద కూర్చుని కొట్లాడుకుంటే విన్నాను. అప్పటిదాకా జరిగిన మ్యాచుల్లో మన డిఫెన్స్ దాటి అంత ఎత్తులో బంతి రానే లేదట. ఫైనల్లో ఒకటి–ఒకటి మీద ఉండగా, ఆట ముగిసే వేళకు, అవతలి జట్టువాడు నలభై గజాల నుంచి బంతిని గాల్లోకి లేపాడు. ఓదెలు తలెత్తి చూశాడు. బార్ మీది నుంచి పోతుందని చేతులు దించేశాడు. బంతి బార్ కింద నుంచి నింపాదిగా వలలో పడింది. కప్పు పోయింది.

"అమ్ముడువోయిండు సార్," అన్నాడు ప్రభుదాస్. "చెయ్యి గూడ లేపలే. సూసుకుంట నిలవడ్డడు."

"బాలు మీదికెల్లే పోతుండె. నేను సూసిన," అన్నాడు ఓదెలు.

"మీదికెల్లి పోతే నెట్‌ల ఎట్ల వడ్డది రా?"

"నాకు తెల్వది. గానీ బాలు మీదికెల్లే."

మాస్టారు మెత్తగా చెప్పి చూశారు. "సారీ జెప్పు ఓదెలూ. ఒక్క మాటతోని అయిపోతది."

"తప్పు జేస్తే జెప్తుంటి సార్."

ఓదెలు ఆకుపచ్చ జెర్సీ విప్పి, మడతపెట్టి, నా కాలి దగ్గర ఉంచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ మైదానంలో అడుగు పెట్టలేదు. చదువూ మానేశాడు. అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదని ఆ రోజు తెలిసినదాన్ని ప్రపంచంలో నేనొక్కదాన్నే. నాకు నోరు లేదు. ఉండుంటే ఆ పదిమంది చెవులు చిల్లులు పడేలా అరిచేదాన్ని. ఆ బాధ ఎలాంటిదో మీకు చెప్పలేను.

ఓదెలు గనిలో టింబర్ పనికి కుదిరాడు. పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని. మైదానంలో నడకకు వచ్చే కార్మికులు చెప్పుకునేవాళ్లు: ఓదెలు దీపం ఎత్తి పైకప్పు చూసి, ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాల దిమ్మె కావాలో చెబుతాడట, టేపు పెట్టి చూస్తే అంతే ఉంటుందట. అతని చూపును నమ్మి వందలమంది ఆ కప్పు కింద పనిచేశారు. ఊళ్లో మాత్రం ఆ చూపు మీద జోకులు వేసేవాళ్లు. వల ఇక్కడుంటే బంతి ఆకాశంలో కనపడ్డ కళ్లు, అని. ఓదెలు డ్యూటీకి సైకిల్ మీద మైదానం పక్క రోడ్డు వెంటే వెళ్లేవాడు. తల ఇటు తిప్పేవాడు కాదు.

ఫుట్‌బాల్ కూడా నెమ్మదిగా పోయింది. క్రికెట్ వచ్చింది. నా ఎడమ దుంగ మీద సుద్దతో మూడు వికెట్లు గీశారు. భరించాను. హాస్టల్ వాళ్లు నా దూలం మీద తువ్వాళ్లు ఆరేశారు. అదీ భరించాను. సిమెంటులో పాతుకుపోయి ఉన్నాను కదా, ఎక్కడికి పోతాను?

ఫైనల్ జరిగిన నలభై ఏడేళ్లకు కాలేజీకి స్వరూప మేడం వ్యాయామ అధ్యాపకురాలిగా వచ్చింది. ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు కట్టింది. కొత్త పోస్టులు తెప్పించింది. నన్ను పీకే రోజునే పూర్వ క్రీడాకారులకు సన్మానం పెట్టింది. పాత ఫొటోలో పదకొండు మొహాలు, సన్మాన పత్రంలో పది పేర్లు. ఆ తేడా ఏమిటని ఆవిడ అడిగితే, పిలుద్దాంలే గానీ మైకులో ఒక్క మాట సారీ చెప్పమనండి అన్నాడట ప్రభుదాస్. అరవై ఎనిమిదేళ్లు వచ్చినా ఆ కోపం అరగలేదు.

షామియానా వేశారు. ఒక పక్క శాలువాలు, ఒక పక్క గడ్డపారలు పట్టుకున్న నలుగురు కూలీలు. ప్రభుదాస్ మాట్లాడుతూ, ఆ నేలబారు షాట్ నర్సింగరావు సార్ నేర్పిన విద్య అని కళ్లు తుడుచుకున్నాడు. సార్ నేర్పాడట! నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు వచ్చాడు ఓదెలు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కొంచెం వంగిన నడుము. నేరుగా మైకు దగ్గరికి వెళ్లాడు.

"సన్మానం జేస్తమన్నరు. గానీ సారీ జెప్పుమన్నరు. నేను జెప్ప. బాలు మీదికెల్లే పోయింది. నా కన్ను తప్పు సూడది."

కొందరు నవ్వారు. మొయినుద్దీన్ ముందు వరసలోంచి బుజ్జగించాడు. "అరే ఓదెలూ, ఛోడ్ దో భాయ్. ఇప్పుడేందది?"

ఓదెలు మైకు వదిలి దిగిపోబోతూ ఇటు తిరిగాడు. నలభై ఏడేళ్ల తర్వాత మొదటిసారి నా వైపు చూశాడు. ఆగిపోయాడు. గనిలో పైకప్పును చూసినట్టు నన్ను కింద నుంచి పై దాకా చూశాడు.

"మేడం, గోలు ఎంత ఎత్తుండాలె?"

"ఎనిమిది ఫీట్లు అంకుల్."

"ఇది ఏడు ఫీట్ల మూడించులే ఉన్నది."

కొత్త పోస్టుల కోసం తెచ్చిన స్టీలు టేపు స్వరూప చేతిలోనే ఉంది. ఎడమ దుంగ కొలిచింది. కుడి దుంగ కొలిచింది. మళ్లీ ఎడమది కొలిచింది. "ఏడు ఫీట్ల మూడు ఇంచులు," అంది.

"ఇన్నేండ్లల్ల మట్టి పెరిగిందేమో మేడం," అన్నాడు మొయినుద్దీన్. ఆవిడ ఒక కూలీని పిలిచి గడ్డపారతో గీయించింది. అంగుళం కూడా లోతు వెళ్లకుండానే సిమెంటు తగిలింది, దాని మీద కనకాచారి గీసిన సంవత్సరం కనపడింది. మట్టి పెరగలేదు.

ప్రభుదాస్ కుర్చీలోంచి లేచాడు. "కోసిండ్రు," అన్నాడు. "ఆ వానకాలం చెదలు వట్టిందని కోసిండ్రు. కదలకుండ నేనే దాని మీద కూసున్న."

ఓదెలు మెల్లగా అన్నాడు. "మూన్నెల్లు ఈ బార్‌నే సూసిన. నా కంటికి బార్ అంటే గింతే ఎత్తు. ఆడ బార్ ఇంకా మీదికున్నది."

"ఈ దిక్కుమాలిన కర్ర ఎంత పని చేసింది!" అని వెనకనుంచి ఎవరో నా మీద విరుచుకుపడ్డారు. నేనా? నా కాళ్లు నేను కోసుకున్నానా? టేపు ఉన్న గదికి నేను తాళం వేశానా? ఒక మనిషి నేను చూశాను మొర్రో అంటుంటే వచ్చి కొలవకుండా నలభై ఏడేళ్లు నవ్వింది నేనా? చెప్పండి.

ప్రభుదాస్ శాలువా పట్టుకుని ఓదెలు దగ్గరికి వచ్చాడు.

"శాలువ ఆడ వెట్టు," అన్నాడు ఓదెలు. "బాలు తే."

చెప్పులు విడిచి వచ్చి నా రెండు దుంగల మధ్య నిలబడ్డాడు. "ఆ దినం వచ్చినంత ఎత్తుకు కొట్టు."

ప్రభుదాస్ కొట్టాడు. బంతి నేలను రాసుకుంటూ వచ్చింది. ఓదెలు కాలితో ఆపి వెనక్కి తన్నాడు. మళ్లీ కొట్టాడు, మళ్లీ నేలబారే.

"నీకు లేపుడు రాదారా?"

"రాదు రా," అన్నాడు ప్రభుదాస్, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "దీని కిందికెల్లి కొట్టి కొట్టి మర్చిపోయిన."

మూడోసారి బంతి కిందికి కాలు పెట్టి ఎలాగో లేపాడు. అది వంపు తిరిగి వచ్చి నా దూలం మీద నాలుగు వేళ్ల ఎత్తున దాటింది. ఓదెలు తలెత్తి చూశాడు. చేతులు లేపలేదు.

"మీదికెల్లే పోయింది," అన్నాడు ప్రభుదాస్. దగ్గరికి వచ్చి, "అమ్ముడువోయినవన్న నోరు నాదే. తప్పయింది రా," అన్నాడు.

"నాడు అందరి ముంగట అంటివి. మైకుల జెప్పు."

ప్రభుదాస్ వెళ్లి మైకులో చెప్పాడు. మొదట్నుంచి చివరిదాకా, దుంగ మీద కూర్చున్న సంగతితో సహా చెప్పాడు. ఓదెలు నా కిందే నిలబడి విన్నాడు. అయిపోయాక చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఇగ కొట్టుండ్రి. నలభై ఏడేండ్లాయె నేను ఆడక."

మొయినుద్దీన్ కోటు విప్పాడు. స్వరూప వచ్చింది, ఆమె జట్టు అమ్మాయిలూ వచ్చారు. కూలీలు గడ్డపారలు పక్కన పెట్టి గట్టు మీద కూర్చున్నారు. వంతులవారీగా బంతులు కొట్టారు. ఓదెలు మోకాళ్లు పట్టేసినా వంగాడు, పడ్డాడు, తెల్ల చొక్కా మట్టి చేసుకున్నాడు. అయిదు ఆపాడు. రెండు వదిలేశాడు. రెండోది చాలా తేలికైన బంతి, కాళ్ల మధ్య నుంచే పోయింది. ఎవరూ ఏమీ అనలేదు.