పోలిరాజు మింగిన గ్యాసు మాత్ర

హలో, అందరికీ వినపడుతోందా? బాగున్నారా? నేను కొండలరావుని. విశాఖలో ఒక మెడికల్ కాలేజీ వ్యాను నడుపుతాను. చేతిలో పని ఉంటే కాసేపు పక్కన పెట్టండి, ఇది ప్రాణం సంగతి.

మా కాలేజీ పిల్లలకి పల్లె పోస్టింగు ఉంటుంది. పొద్దున్నే ఎనిమిది మందిని ఎక్కించుకుని ఏటి ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరికి తీసుకెళ్తాను. ఊరి పేరు వద్దులెండి. ముందు రేవు దగ్గర టీ కొట్టు ముందు ఆపుతాను. ప్రభుత్వాసుపత్రి వంతెన అవతల, పది నిమిషాల నడక.

ఆ పిల్లలది ఇంకా మూడో ఏడు. చూసి నేర్చుకోవాలి గాని మందు ఇవ్వకూడదు. నాకు తెలుసు. అయినా తెల్లకోట్లతో దిగగానే "డాక్టర్ గారూ" అని గట్టిగా పిలిచేవాణ్ణి. ఊళ్లో నాకూ కాస్త గొప్పగా ఉండేది. పది రోజులు తిరక్కుండానే జనం ఆసుపత్రికి వెళ్లడం మానేసి టీ కొట్టు దగ్గర కాపు కాయడం మొదలుపెట్టారు.

ఆ శుక్రవారం పోలిరాజు వచ్చాడు. ఏట్లో వల వేసుకునే మనిషి, నా ఈడువాడే. చొక్కా చెమటకి తడిసిపోయింది.

"బావా, గుండెల మీద రుబ్బురోలెట్టినట్టుంది. ఎడం సెయ్యి లాగేత్తంది."

"రాత్రి ఏటి తిన్నావు?"

"రొయ్యల ఇగురు. మీ సెల్లెలు వద్దంటన్నా గిన్నె ఊడ్సీసేను." నవ్వబోయి ఛాతీ పట్టుకున్నాడు.

మా వ్యాను పిల్లల్లో నాగవంశీ అనే కుర్రాడు లేచొచ్చి నాడి చూశాడు. ఉక్కునగరం పిల్లాడు, నెమ్మదస్తుడు. మొహం మారిపోయింది.

"కొండలరావు గారూ, ఈయన్ని నడిపించొద్దు. వ్యానెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్దాం. అక్కడ డాక్టర్ మేడం ఈసీజీ తీస్తారు."

నేను అప్పుడే టీ గ్లాసు అందుకున్నాను. "ఊరుకోండి డాక్టర్ గారూ. రొయ్యలు తిన్నోడికి గ్యాసు కాపోతే ఏటొత్తది? ఇంత సదివీసి గ్యాసుక్కూడా మేడమేనా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.

"ఆసుపత్రికెల్తే పూటంతా పోద్ది బాబూ," అన్నాడు పోలిరాజు. "నువ్వు సూసీసేవు కదా, సాలు."

నాగవంశీ ఏదో అనబోయాడు. ఈలోపు నేను వాడుకునే గ్యాసు మాత్ర తీసి అతని చేతిలో పెట్టి, "మీ సేత్తో ఇచ్చీయండి," అన్నాను. ఇచ్చాడు. పోలిరాజు కళ్లకద్దుకుని మింగి, పడవ దగ్గరికి నడిచాడు.

పదకొండు గంటలకి అతన్ని ఆసుపత్రికి మోసుకొచ్చారు. ఏటి మధ్యలో వల మీద పడిపోయాడట. శ్రీసత్య మేడం చూసి, ప్రాణం పోయి చాలాసేపయిందన్నారు. "పొద్దున్నే తీసుకొచ్చుంటే ప్రయత్నం చేసేదాన్ని కదయ్యా," అన్నారు.

పోలిరాజు భార్య గంగాలమ్మ ఏడవలేదు. నాగవంశీ ఎదురుగా వచ్చి నిలబడింది.

"బాబూ, పొద్దుట నువ్వే కదా సూసేవు?"

"నేనింకా డాక్టర్ని కాదమ్మా. చదువుకుంటున్నాను."

ఆమె నావైపు తిరిగింది. "మరేటన్నయ్యా, డాక్టర్ గారని పిలిసేవు?"

ఆసుపత్రికి తీసుకెళ్దామని ఆ పిల్లాడు అన్నాడనీ, అడ్డుపడింది నేననీ ఒక్క ముక్క చెప్పలేకపోయాను. మందు ఇచ్చినందుకు కాలేజీ అతన్ని ఆరు నెలలు బయట పెట్టింది. పెద్దకర్మ రోజు వెళ్లి గంగాలమ్మకి ఉన్నదంతా చెప్పాను.

"ఇప్పుడు సెప్పి ఏటి సేత్తావన్నయ్యా?" అని లోపలికి వెళ్లిపోయింది.

కాలేజీలోనూ రాసిచ్చాను. ఇంకా ఏమీ తేల్చలేదు. నాగవంశీ నా ఫోను ఎత్తడం లేదు.

తెల్లకోటు కనిపిస్తే, చదువు అయిపోయిందా అని ఒక్క మాట అడగండి. గుండెలో నొప్పిని గ్యాసని నవ్వేసే నాలాంటోడు మీ ఊళ్లోనూ ఉంటాడు. వాడికి ఈ వాయిస్ మెసేజీ పంపండి, మీ వాళ్లందరికీ పంపండి.