ఎనిమిదో సద్దిమూట

జమునకు కావలసింది ఫ్రేము. బొమ్మ దానితోపాటు వచ్చింది, పెళ్లికొడుకుతోపాటు మేనత్త వచ్చినట్టు.

కూతురికి బడిలో ఇచ్చిన మెరిట్ కాగితం ఆరు నెలలుగా బీరువా మీద చుట్ట చుట్టుకుని పడి ఉంది. దానికి ఫ్రేము వెతుకుతుంటే గోదావరిఖనిలో బుచ్చన్న పాత సామాన్ల దుకాణంలో, చెడిపోయిన కూలర్ల వెనకాల ఈ టేకు ఫ్రేము దొరికింది. లోపల బొగ్గుతో వేసిన బొమ్మ. గని అడుగున ఒక దారి, కప్పు కూలకుండా నిలబెట్టిన కర్ర గుంజలు, బొగ్గు మోసే ఖాళీ టబ్బు ఒకటి, గోడకు వరసగా ఆనుకుని సద్ది తింటున్న కార్మికులు. గీసినవాడి సంతకం ఎక్కడా లేదు. ఎవరో క్వార్టరు ఖాళీ చేస్తూ అమ్మిన సామానులో వచ్చిందని మాత్రం బుచ్చన్న చెప్పాడు.

పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్ కాస్టు గని పక్కన కాపురం చేసే ఆడవాళ్లకు నల్లటిది కనపడితే చెయ్యి ఊరుకోదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కిటికీలు, టీవీ, దేవుడి పటాలు తుడుస్తారు. కదలకుండా కూర్చుంటే మొగుణ్ణి కూడా తుడుస్తారు. జమున ఇంటికి రాగానే పగిలిన అద్దం తీసి, తడిగుడ్డ పట్టి, బొమ్మ కింది కుడి మూల నుంచి మొదలుపెట్టింది. ఎంత తుడిచినా నలుపు ఊడుతూనే ఉంది. అరచెయ్యంత మేర తెల్లబడ్డాక గానీ, ఊడుతున్నది మురికి కాదు బొమ్మేనని తట్టలేదు. హిస్టరీలో బి.ఎ. పాసైన మనిషి. ఎవరూ చూడలేదు కదా అని ధైర్యం చెప్పుకుని గుడ్డ పక్కన పెట్టింది.

పక్క క్వార్టరు సుజిత అడిగితే, ఇది నిజాం జమానాదని, ఇలాంటివి లండన్లో అద్దాల పెట్టెల్లో పెడతారని చెప్పింది. సుజిత కొత్త ఫ్రిజ్ గురించి నెలరోజులుగా వింటున్నది మరి, ఆ మాత్రం బదులు తీర్చుకోవద్దా. సుజితకు ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో గాని, ఆదివారం చర్చి నుంచి వచ్చాక వాళ్ల మామ సామ్యేల్ బొమ్మ పట్టుకు రమ్మని కబురు పెట్టాడు. ఆయన ముప్ఫై ఏళ్లు గని మీద, కార్మికులకు దీపాలిచ్చే ల్యాంపు రూములో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి.

"నిజాం జమానాదన్నవట గదా బిడ్డా. నిజాం జమానల నెత్తికి కరంటు బుగ్గ కట్టుకొని దిగిండ్రా?" అన్నాడు సామ్యేల్, బొమ్మలోని టోపీ దీపాలు చూపిస్తూ. ఆ దీపాలను బట్టీ, కప్పుకు ఇనుప బోల్టులు రాకముందు వాడిన కర్ర గుంజలను బట్టీ ఇది ఎనభైల నాటిదని తేల్చాడు. తర్వాత పై మూలన ఉన్న చిన్న బాణం గుర్తు మీద వేలు పెట్టి నవ్వాడు.

"బొమ్మల ఉత్తరం దిక్కు ఎవడన్న ఏస్తడా? మా సదానందం ఏస్తడు. సర్వే ఆఫీసుల మ్యాపులు గీసెటోడు. బిడ్డ పెండ్లి పత్రిక మీద సుత ఏసిండు."

సదానందం పోయిన ఏడాదే చనిపోయాడు. పిల్లలు క్వార్టరు ఖాళీ చేశారు. గీసినవాడు దొరికాడని జమున లోలోపల పొంగిపోయింది. ఇంక ఏ సంవత్సరమో తెలిస్తే చాలు.

సామ్యేల్ వేలు ముఖాల మీదుగా కదిలింది. ఒక్కొక్కరి పేరే చెబుతూ పోయాడు. మూడో పేరుకే నవ్వు ఆగింది. ఏడో పేరు దగ్గర వేలు కూడా ఆగింది. ఆ ఏడు పేర్లూ జమునకు తెలుసు. మూతపడిన పాత గని గేటు దగ్గర, స్మారక రాయి మీద చెక్కి ఉంటాయి. ముప్ఫై ఎనిమిదేళ్ల కింద వానాకాలంలో, రెండో షిఫ్టులో గనిలోకి నీళ్లు వచ్చి చనిపోయినవాళ్లు.

బొమ్మలో ఎనిమిదో మనిషి ఉన్నాడు. వరస చివర, ముఖం అటు తిప్పుకుని.

జమున ఇంట్లో ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. ఆమె మామ గట్టయ్య బదిలీ కార్మికుడు, ఎవరైనా రాకపోతే వాళ్ల బదులు దిగేవాడు. ఆ రోజు డ్యూటీకని ఇంట్లోంచి వెళ్లాడు. హాజరీ పుస్తకంలో మాత్రం పేరు లేదు. పుస్తకంలో లేనివాడు గనిలో ఎలా ఉంటాడన్నారు. ఏడు శవాలు పైకి తీశారు, ఎనిమిదో దానికోసం ఎవరూ వెతకలేదు. ఎవతెతోనో లేచిపోయాడని ఊరు తీర్పు చెప్పింది. అప్పటికి రెండేళ్లున్న జమున మొగుడు ఉపేందర్ పారిపోయినోని కొడుకుగానే పెరిగి, డంపర్ ఆపరేటరయ్యాడు. అత్త సారవ్వ ఇప్పటికీ ఆకుపచ్చ గాజులు తీయలేదు. పెత్రమాసనాడు పెద్దల పేరిట బియ్యమిచ్చేటప్పుడు మామ సంగతి అడిగిన కొత్త కోడలికి, "ఉన్నోనికి బియ్యమేంది?" అని ఒకే ఒక్క జవాబు దొరికింది. పద్దెనిమిదేళ్లుగా జమున మళ్లీ అడగలేదు.

"గా దినం బొమ్మేనా కాకా?" అంది జమున.

ఆ రోజు సదానందం సర్వే పని మీద వాళ్లతోపాటే దిగాడని, తిండి వేళ దాటాక పైకి వచ్చాడని, గంటకే నీళ్లు వచ్చాయని సామ్యేల్ చెప్పాడు. కింద ఎంతమంది ఉన్నారన్న మాట తర్వాత ఆయన ఎన్నడూ ఎత్తలేదట. ఉద్యోగం పోతుందని భయం, ముగ్గురు పిల్లలు.

"గా దినందో, వేరే దినందో తెలుసుడు కష్టం గాదు. మైనింగు సర్దార్ గాలి పరీక్ష చేసినంక గుంజ మీద సుద్దతోని తారీఖు రాసి సంతకం పెడ్తడు. షిఫ్టు షిఫ్టుకు రాయాలె. సదానందం గది ఇడిచిపెట్టే మనిషి గాదు." ఆయన వేలు కింది కుడి మూలకు జారింది. అక్కడ గుంజ సగంలో తెగిపోయి, అరచెయ్యంత తెల్లమచ్చ ఉంది. దాని అంచున ఏదో అక్షరం తోక మిగిలింది. "గీడ ఉండాలె. ఏమైంది?"

"తుడిచిన."

సామ్యేల్ కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

మొదటి షిఫ్టు దిగి వచ్చిన ఉపేందర్‌కు అంతా చెప్పింది, తుడిచిన సంగతితో సహా. అతను ఫోన్లో ఫొటో తీసుకుని యూనియన్ ఆఫీసుకు పోయి గంటలో తిరిగొచ్చాడు. తారీఖు ఉంటే కొట్లాడేవాళ్లమని, అది లేకపోతే ఏ రోజుదైనా కావచ్చంటారని, బదిలీ మనిషి వాళ్ల పక్కన కూర్చుని తిన్నది ఆ ఒక్కరోజేనా అని వాళ్లు అన్నారట. ఆ ముక్క చెప్పి స్నానానికి పోయాడు. లోపల నీళ్లు చాలాసేపు పారాయి.

బొమ్మ బీరువా వెనక్కి, గోడవైపు తిరిగింది. మూడో రోజు మధ్యాహ్నం సారవ్వే అడిగింది.

"ఏందో బొమ్మ తెచ్చినవట. ఊరందరు సూసిండ్రు. నాకెందుకు సూపెట్టవ్?"

ఇంక దాచడం కుదరలేదు. జమున తెచ్చి ఇచ్చింది. సారవ్వ కిటికీ దగ్గరికి జరిగి, వెలుతురుకు పెట్టి చూసింది. ముఖాల జోలికి పోలేదు. ఒక్కొక్కరి ఒళ్లోని సద్దిమూటలే చూసుకుంటూ చివరిదాకా పోయి, అక్కడ ఆగింది. ఎనిమిదో మనిషి టిఫిను కింద పరిచిన గుడ్డకు నెమళ్ల అంచు ఉంది. రెండు నెమళ్లు నిండుగా, మూడోదానికి తల లేకుండా. మ్యాపులు గీసే చెయ్యి దేన్నీ వదిలిపెట్టలేదు.

సారవ్వ లేచి మంచం కింది ట్రంకు పెట్టె లాగింది. అన్నిటికంటే అడుగున, మడత పెట్టిన పాత చీర ఉంది. కొంగు ఒక మూల చింపి ఉంది. చింపిన చోట నెమలి తలకాయ ఒక్కటే మిగిలింది.

"సద్ది కట్టే గుడ్డ గా పొద్దు పొయ్యిల పడి కాలింది. డ్యూటీకి యాళ్లయితాంది. పెండ్లి చీర కొంగు పర్రున చింపి కట్టిచ్చిన." ఆమె చీర కొంగును బొమ్మ పక్కన పెట్టి, వేళ్లతో సరిచేసింది. "గీ గుడ్డ గా ఒక్క పూటే పోయింది బిడ్డా. మల్ల ఇంటికి రాలే."

చీర తీసుకుని కంపెనీ ఆఫీసుకు పోదామంది జమున.

"ఆఫీసోల్లకు నా కొంగు సూపెట్టుకుంట తిరుగాల్నా?" అంది సారవ్వ. "లేచిపోయిండన్నోల్లు సగం మంది సచ్చిరి. ఇగ ఎవలకు సెప్పాలె?"

"తారీఖు ఉండె అత్తమ్మా. నేనే తుడిచిన."

"ఎరుకే. సుజిత సెప్పింది." ఆ గొంతులో గుడ్డ పీలికంత కూడా కోపం లేదు. అదే జమునకు మింగుడు పడలేదు. సారవ్వ గాజులు ఒక్కొక్కటే తీసి, చీర మడతల్లో పెట్టి, పెట్టె మూసింది. పగలగొట్టడానికి ఎవరినీ పిలవలేదు.

పెత్రమాస పొద్దున, పెద్దల పేరిట బియ్యం అందుకునే జంగమయ్య గడపలో కూర్చున్నాడు. ఉపేందర్ తాతల పేర్లన్నీ చెప్పాడు, జమున ఒక్కో పేరుకు దోసెడు బియ్యం పోసింది. అయిపోయిందనుకుని జంగమయ్య జోలె మడుస్తుంటే, సారవ్వ చాటలో బియ్యంతో వచ్చి ఎదురుగా కూర్చుంది.

ఎవరి పేరని ఆయన అడిగాడు. ఉపేందర్ నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది. పెళ్లయిన నాటినుంచి ఆమె మొగుడి పేరు పలికిన మనిషి కాదు. ఇంట్లో 'మీ నాయిన', 'మీ మామ', అంతే. మొదటిసారి గాలి మాత్రమే వచ్చింది. జంగమయ్య చెవి దగ్గరికి తెచ్చాడు.

"గట్టయ్య," అంది సారవ్వ. "ఆగయ్య కొడుకు గట్టయ్య. రెండో షిఫ్టు."