కృష్ణకు దిగే మలుపులు

"దీనికి తెలివి అక్కర్లేదు. బ్రేకు, ఎక్సలేటరు, అంతే. నీకు సరిపోతుంది," అన్నాడు భర్త ఫిలిప్, ఆటోమేటిక్ కారు కొన్న రోజు. అప్పటినుంచి హైదరాబాదు కొండాపూర్‌లో ప్రిస్కిల్లా ఆఫీసుకు ముందు అత్తగారు దీనమ్మను ఆసుపత్రికీ చర్చికీ తిప్పింది. ఆఫీసయ్యాక కూరగాయలు తెచ్చింది. దూరప్రయాణమైతే మాత్రం తాళం ఫిలిప్‌ది. ఇప్పుడు అతని కుడిచేతికి కట్టు. తెలంగాణ సకలజనుల సమ్మెలో బస్సుల్లేవు. అందుకని తన అమ్మను మట్టి చేసిన మర్నాడే, పుట్టిల్లు మార్కాపురం నుంచి అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆమే నడుపుకుంటూ వస్తోంది.

రేపు ఆదరణ కూడిక. సంఘం వాళ్ళు, బంధువులు వచ్చి, కూతురిని మధ్యలో కూర్చోబెట్టి ప్రార్థన చేసే రోజు. "ఉండి ఏం చేస్తావు? ఇంట్లో మా అమ్మ ఒక్కతే. షుగరు మనిషి. వంటెవరు చేస్తారు?" అన్నాడు ఫిలిప్. ప్రిస్కిల్లా బట్టలు సర్దుకుంది. ఏడుపు రాలేదు. నిన్న సమాధి నుంచి తిరిగొచ్చాక కూడా రాలేదు. అప్పుడు అతని వైపు వాళ్ళకు కాఫీలు అందాయో లేదో చూస్తోంది.

శ్రీశైలం దాటి కృష్ణకు దిగే మలుపుల్లో కాలిన వాసన వచ్చింది. బ్రేకు మెత్తగా లోపలికి పోతోంది. ఆమె చెయ్యి గేరు కడ్డీ మీదికి వెళ్ళింది.

"దాన్ని ముట్టుకోకు! డి లోంచి తీస్తే గేరుబాక్సు పోతుంది. బ్రేకు తొక్కు!"

పల్లంలో ఎల్ అనే చిన్న గేరులో వెయ్యి, ఇంజనే బండిని పట్టుకుంటుంది అని ఆఫీసులో ఆమని ఎప్పుడో చెప్పింది. ఇంట్లో ఆ మాటంటే ఫిలిప్ నవ్వాడు: "ఓహో, ఆమనిగారు మెకానిక్ షెడ్డు కూడా పెట్టారా?"

ప్రిస్కిల్లా కడ్డీ వెనక్కి లాగింది. ఇంజను గట్టిగా మూలిగింది. బండి, వెనకనుంచి ఎవరో కొంగు పట్టుకున్నట్టు, నెమ్మదించింది.

"తొక్కమంటే!"

"అక్కర్లేదండి."

భయం కూడా వెయ్యలేదు. ఏమీ అనిపించలేదు. మలుపులన్నీ అలాగే దిగింది.

కింద వంతెన దగ్గర రాస్తారోకో. రోడ్డుకు అడ్డంగా రాళ్ళు, జెండాలు. యాదయ్యా, యాదయ్యా అని అందరూ పిలుస్తున్న పెద్దాయన కారు దగ్గరికి వచ్చాడు.

"సాయంత్రం దాంక బందే అమ్మా. దవాఖాన పనైతే పోనిస్తం. ఏం పని మీద పోతున్రు?"

"మా అమ్మకు షుగరు..." ఫిలిప్ మొదలుపెట్టాడు.

"వంట పని," అంది ప్రిస్కిల్లా.

యాదయ్య నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. "యాడికెళ్ళి వస్తున్రు?"

"మా అమ్మను మట్టి చేసి."

"ఎప్పుడు?"

"నిన్న."

"నిన్ననా? మరి ఈడేం చేస్తున్నవ్ బిడ్డా?"

ప్రిస్కిల్లా కారు పక్కకు తీసి, బ్రేకులు చల్లారేదాకా కూర్చుంది. తర్వాత బండిని వెనక్కి, మార్కాపురం వైపు తిప్పింది.

"ఏయ్, ఎటు? మరి మా అమ్మ అన్నం?"

"ఫోన్ చేసి వండుకోమనండి."

ఘాట్ సగం ఎక్కాక మళ్ళీ ఆమే మాట్లాడింది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"రేపు కూడికలో నేను మధ్యలో కూర్చుంటానండి. కాఫీలు మీరందించండి. ఎడం చేత్తోనైనా ఫరవాలేదు."