వెళ్తానని అనకూడదు

కాన్వెంట్ జంక్షన్‌లో ఆటో ఎక్కిన ఓడ మనిషి, ఎవరో విదేశీ నావికుడు, జగదాంబ సెంటరుకు పోనిమ్మని చెప్పి, ఫోనులో ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు. రెండు మాటలు చెవిన పడేసరికి ఎల్లారావు కాలు దానంతటదే బ్రేకు మీదకు పోయింది. అది స్వాహిలీ. ఆ భాష విని పదిహేనేళ్లయింది.

పటాలంలో ఉండగా ఎల్లారావు ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో ఏడాదిపాటు కాంగోలో నీళ్ల ట్యాంకరు నడిపాడు. నీలం టోపీతో దిగిన ఫోటో సబ్బవరంలో అతని గది గోడకు ఇంకా ఉంది. చూసే మనిషే లేదు. భార్య కాంతం పోయి మూడేళ్లు, పిల్లలు లేరు. పెన్షను చాలు, అయినా ఆటో తోలుతాడు. ఇంట్లో ఊరికే కూర్చుంటే కాంగోలోని ఆ క్యాంపు గేటు గుర్తొస్తుంది.

ఆ గేటు దగ్గర ఫురాహా అని ఒక ముసలామె ఉండేది. ఒక్కగానొక్క కొడుకును యుద్ధం తినేసింది. ట్యాంకరు తిరిగొచ్చే వేళకు డబ్బా పట్టుకుని నిలబడేది. అడుగున మిగిలిన నీళ్లు ఎల్లారావు పట్టేవాడు. ఆమె ఉడకబెట్టిన చిలగడదుంప ఆకులో చుట్టి చేతిలో పెట్టేది. అతనికి వచ్చిన నాలుగు స్వాహిలీ ముక్కలూ ఆమె నేర్పినవే. సెలవు తీసుకునే మాట కూడా నేర్పింది, 'క్వాహెరి' అని.

తిరుగు ప్రయాణం రోజున ఆ మాట నోటిదాకా వచ్చింది. ముసలామె మొహం మీద పోతున్నానని చెప్పడానికి ప్రాణం ఒప్పలేదు. మన ఇళ్లలో గుమ్మం దిగేవాడు వెళ్తాననడు, మళ్లీ ఆ గడప తొక్కనివాడైనా వస్తాననే అంటాడు. ఎల్లారావు కూడా 'నితరూది' అన్నాడు, తిరిగి వస్తానని. ఆమె అతని చేతులు రెండూ పట్టుకుని సరేనని తలూపింది. ఎంత మర్యాదగా మాట్లాడానో అని మురిసిపోయాడు, వెర్రిమనిషి.

రెండు నెలలకు, తరువాతి జట్టులో అక్కడికి వెళ్లిన స్నేహితుడు చలమయ్య ఫోను చేశాడు.

"ఏటి బావ, ఆ ముసల్దానికి ఏటి సెప్పొచ్చేవు? రోజూ దుంపలట్టుకొచ్చి గేటు కాడ కూకుంతంది."

"ఇంటికెల్లిపోనాడని సెప్పు బావ."

"సెప్పాను. నమ్మట్లేదు. వస్తానని తనే సెప్పేడు, ఆడు అబద్దమాడడు అంతంది."

తరువాత చలమయ్య కూడా వచ్చేశాడు. ఆమె ఎన్నాళ్లు కూర్చుందో చెప్పేవాళ్లు లేరు. కాంతానికి చెప్పుకుంటే, "ఎల్తానని ఎవులైనా అంతారేటి? నువ్వన్నదాంట్లో తప్పేటుంది?" అంది. ఆ తరువాత అతను ఎవరింటి నుంచి లేచినా వస్తానని అనలేదు, చెప్పకుండానే వచ్చేసేవాడు. చుట్టాలు పొగరన్నారు. పోనీలే అనుకున్నాడు, పిలుపులు కూడా తగ్గిపోయాయి.

ఓడ మనిషి ఫోను పెట్టేయగానే ఎల్లారావు స్వాహిలీలో పలకరించాడు. అతను పగలబడి నవ్వి, మొంబాసా వాడినని చెప్పాడు. ఇన్నేళ్లుగా ఎల్లారావు దాచుకున్న ప్రశ్న ఒకటుంది. అక్కడ కూడా మాటవరసకు అలా అంటారని ఈ ఒక్క మనిషి చెబితే చాలు, ఇవాళ నిద్రపడుతుంది. వచ్చిన ఇంగ్లీషూ హిందీ కలిపి అడిగేశాడు. మీ వాళ్లు పోయేటప్పుడు, ఊరికే, నితరూది అంటారా?

పాపం, ఎల్లారావు ఎందుకడుగుతున్నాడో ఆ మనిషికి తెలియదు.

"ఊరికే ఎందుకంటారు? అన్నామంటే వస్తాం. ఎవరితోనైనా అన్నావా?"

ఎల్లారావు ఆటో జగదాంబ వైపు తిప్పాడు.

జగదాంబ దగ్గర ఆ మనిషి దిగి, భుజం తట్టి, "క్వాహెరి" అన్నాడు. మా ఓడ రేపు వెళ్లిపోతుందన్నాడు. ఎల్లారావు నాలుక మీదకు వస్తాననే పాత అలవాటు మళ్లీ వచ్చింది. మింగేశాడు.

"క్వాహెరి" అన్నాడు.

చిన్న మాట. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మనిషి చెయ్యి ఊపి జనంలో కలిసిపోయాడు. ఆ రోజు ఈ ఒక్క ముక్కా అని ఉంటే, ఫురాహా ఒక పూట ఏడ్చి ఊరుకునేది.