మూడు రోజుల నీళ్ళు

ప్లగ్ లాగేస్తే నీళ్ళు పోతాయి. లాగాలి. హైమ స్నానాల తొట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ప్లగ్ గొలుసు పట్టుకుని కూడా లాగలేకపోతోంది.

ఆ ఏడు చలికాలమంతా సరిగా వాన లేదు. ఏప్రిల్ రాగానే హోస్ పైపుతో తోటలు తడపకూడదని లండన్ శివార్లలోని హౌన్‌స్లో ప్రాంతమంతటా నిషేధం పెట్టారు. టీవీలో ఆ వార్త చూసి, "మనకేం ఇబ్బంది? నలుగురి స్నానాల నీళ్ళున్నాయిగా, మొక్కలకి పోసేద్దాం," అన్నాడు భర్త చలపతి. పోసేద్దాం అన్నది అతను. బకెట్ నింపుకుని మెట్లు దిగి, వంటగది దాటి పెరట్లోకి మోసేది హైమ. అయినా ఆమెకి అది బరువనిపించలేదు. గట్టిపడ్డ మట్టిని తనే తవ్వింది, ఎరువు కలిపింది, తేమ ఆరిపోకుండా మొదళ్ళ చుట్టూ ఎండుగడ్డి పరిచింది. ఎయిర్‌పోర్టు దగ్గరి వేర్‌హౌస్‌లో షిఫ్టు ముగించుకొచ్చాక, ఆ మట్టిలో గడిపే కాసేపే ఆమెకంటూ మిగిలింది.

కానీ ఈవేళ పొద్దున్నే ముట్టయింది. ఆ మూడు రోజుల నీళ్ళు మొక్కలకి పనికిరావు. "నువ్వసలు అటు పోకమ్మా, నీడ పడినా మాడిపోతాయి," అని అత్తగారు శివపార్వతమ్మ ఇండియా నుంచి వచ్చిన కొత్తలోనే చెప్పింది. దేవుడి అల్మరా ముట్టుకోకూడదు, మొక్కలు ముట్టుకోకూడదు. వంట మాత్రం చెయ్యొచ్చు. "పరాయి దేశం, ఏం చేస్తాం, సర్దుకోవాలి," అందావిడ. సర్దుకున్నదెవరు? వేర్‌హౌస్ షిఫ్టుల పట్టికకి ఆ రోజుల సంగతి తెలియదు. పొత్తికడుపు మెలిపెడుతుంటే పెట్టెలెత్తి, ఇంటికొచ్చి నలుగురికీ వండింది. బియ్యం కడిగిన చేతికి లేని మైల టమాటా నారు దగ్గరికొచ్చేసరికి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగబోయింది. "మూడ్రోజులేగా, అమ్మ మాట వింటే నీదేం పోయింది?" అన్నాడు చలపతి. పోయింది నారు. పోయిన నెల ఆ మూడు రోజులూ దానికి ఎవరూ చుక్క నీళ్ళు పొయ్యలేదు. చలపతికి నడుం నొప్పి, ఆవిడకి బయట చలి. ఎండిపోయిన మొలకల్ని చూసి, "నే చెప్పలా? నువ్వు తొంగిచూసే ఉంటావు," అందావిడ. కూతురు పూజిత పక్కనే ఉంది.

ఇప్పుడా పూజితే బాత్‌రూం గుమ్మంలో నిలబడింది. పదకొండేళ్ళు. స్కూల్లో విత్తనం వేసి పెంచిన చిక్కుడు మొక్క చేతిలో ఉంది.

"మమ్మీ, నాక్కూడా పీరియడ్స్ వస్తే... విల్ ఐ కిల్ ప్లాంట్స్ టూ?"

హైమ గొలుసు వదిలేసింది. తను సర్దుకుపోయిన ప్రతిసారీ ఈ పిల్ల ఒక పాఠం నేర్చుకుంటోందన్నమాట. మగ్గు తీసుకుని నీళ్ళు బకెట్‌లోకి తోడింది.

"ఆ మొక్క పట్టుకుని రా, నాన్నా. కింద పాతుదాం."

వంటగదిలో శివపార్వతమ్మ అడ్డొచ్చింది. "ఎవరి నీళ్ళే అవి?"

"నావే, అత్తయ్యగారూ."

"ఈవేళ నువ్వు..."

"అవునండీ."

పెరట్లో తల్లీ కూతుళ్ళు గొయ్యి తీసి మొక్క పాతారు. హైమ దాని మొదలు చుట్టూ మెల్లగా నీళ్ళు పోసింది. చలపతి చెప్పులైనా వేసుకోకుండా బయటికొచ్చాడు. "ఇప్పుడెందుకీ రాద్ధాంతం? పక్కింటివాళ్ళు చూస్తున్నారు."

"పోయిన నెల నారు చచ్చింది నా నీడ పడి కాదండీ. మీరిద్దరుండీ ఎవరూ నీళ్ళు పొయ్యక. ఆ మాట నా కూతురు వినాలి."

గుమ్మంలో నిలబడ్డ శివపార్వతమ్మ ముఖం తిప్పుకుంది. "మా అత్తగారు చెప్పింది, నేను విన్నాను. ఎందుకని అడగాలని నాకు తోచలా," అంది, ఎవరికో చెబుతున్నట్టు.

ఆ సాయంత్రం చలపతి స్నానం చేసి పైనుంచి కేకేశాడు. "హైమా, నా నీళ్ళు తొట్టెలో ఉన్నాయ్!"

"బకెట్ అక్కడే ఉందండీ," అంది హైమ.

కాసేపటికి పైన మగ్గు తొట్టెకి తగిలిన చప్పుడైంది. మెట్లన్నీ తడిపేస్తాడు, తుడవాల్సింది తనే అని కాళ్ళు లేవబోయాయి. హైమ కుర్చీలోంచి కదల్లేదు.